తెడ్డు దెబ్బ తిన్న రాజుగారి ఊళ్లో

హవాయి పెద్ద దీవికి మేం బయల్దేరింది అగ్నిపర్వతం చూడాలని. టికెట్లు కొన్నాక చెల్లి చెప్పింది, మేం అక్కడ ఉండే రోజుల్లోనే జూన్ 11 వస్తోందని. ఆ రోజు కమేహమేహా పండుగ. హవాయి దీవులన్నిటినీ 1810 నాటికి ఒక్క రాజ్యం చేసిన మొదటి కమేహమేహా పేరు మీద, ఆయన మనవడు ఐదో కమేహమేహా 1871లో ప్రకటించిన పండుగ అది. రాజు పుట్టిన ప్రాంతం ఉత్తర కోహాలా. అగ్నిపర్వతం ఎక్కడికీ పోదు, ముందు అక్కడికే వెళ్దామన్నాను.

కోనా నుంచి పొద్దున్నే బయల్దేరాం. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క గడ్డకట్టిన నల్లటి లావా. చాలాసేపటికి గానీ నేల పచ్చబడలేదు. ఉత్తర కోహాలాలో హావీ దాటాక వచ్చే చిన్న ఊరు కపావు. రోడ్డు పక్కనే, పాత కోర్టు భవనం ముందు రాజుగారి విగ్రహం.

ఆ విగ్రహానిదే ఒక పెద్ద కథ. అమెరికన్ శిల్పి థామస్ గౌల్డ్ ఇటలీలో నమూనా చేశాడు, పారిస్‌లో పోత పోశారు. 1880లో ఓడలో వస్తుంటే ఫాక్లండ్ దీవుల దగ్గర ఓడ మునిగింది. బీమా డబ్బుతో రెండోది పోయించారు. ఈలోగా మొదటిది సముద్రంలోంచి బయటపడింది! రెండోది హొనొలులులో నిలబడింది, నీళ్లలో మునిగి తేలిన అసలుది సొంతూరికి చేరింది. హొనొలులు విగ్రహం నలుపు, బంగారు రంగుల్లో మెరుస్తుంది. ఇక్కడిది అలా కాదు. ఒంటికి మనిషి రంగు, అంగీకి పసుపు, అన్నీ పెయింటే. బాగుచేసేటప్పుడు పెయింటు తీసేయాలా ఉంచాలా అన్న ప్రశ్న వస్తే, ఊరివాళ్లు ఉంచమన్నారు. జాతర ముందు గ్రామదేవతకు రంగులు వేయించే ఊళ్లో పెరిగినదాన్ని, వాళ్ల మనసు నాకు వెంటనే అర్థమైంది.

శంఖం ఊదారు. రాయల్ ఆర్డర్ ఆఫ్ కమేహమేహా సభ్యులు వరసగా నడిచి వచ్చారు. భుజాల మీద ఎరుపు, పసుపు కేపులు. ఒకప్పుడు రాజులవి నిజమైన పక్షి ఈకలతో చేసేవారు. ఇది మగవాళ్ల సంఘం, దీవుల్లో వేర్వేరు చోట్ల శాఖలున్నాయి. వచ్చినవాళ్లలో నెరిసిన తలలే ఎక్కువ. ఎండ ముదురుతున్నా ఒక్కరూ కదల్లేదు.

మేం నిలబడ్డ చోట నీడ లేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, కాసేపటికే రోడ్డు అంచున కూలబడింది. నాకు టెన్షన్ మొదలైంది. అంతలో కేపు వేసుకున్న ఒక పెద్దాయన మడత కుర్చీ పట్టుకొచ్చి, చెట్టు నీడలో వేసి, అమ్మను చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. థాంక్స్ చెబితే, "ఇది మా రాజు చట్టమే కదా" అన్నారు.

ఆ చట్టం సంగతి ఆయనే చెప్పారు. కుర్రతనంలో కమేహమేహా ఈ దీవిలోనే ఉన్న పూనా తీరంలో జాలరుల వెంటపడ్డాడు. లావా నెర్రెలో కాలు ఇరుక్కుంది. ఒక జాలరి వెనక్కి తిరిగి తెడ్డుతో తల మీద కొట్టాడు, తెడ్డు ముక్కలైంది. తర్వాతెప్పుడో ఆ జాలరుల్ని రాజు ముందు నిలబెడితే, తప్పు నాదేనని వదిలేశాడు. ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు దారి పక్కన భయం లేకుండా పడుకోవచ్చు, వాళ్లకెవరూ హాని చేయకూడదని 1797లో శాసనం చేశాడు. దాన్ని మామలహోవే, అంటే ముక్కలైన తెడ్డు చట్టం అంటారు. ఈ రోజుకీ హవాయి రాజ్యాంగంలో ఉంది. హిలో ఊళ్లోని సంఘం శాఖకు ఆ పేరే పెట్టుకున్నారు.

ఐదో కమేహమేహా 1865లో తాతగారి పేరిట ఈ సంఘం పెట్టాడు. 1893లో రాణి లిలివుకలానిని గద్దె దింపాక సంఘం బహిరంగంగా కలవలేని రోజులొచ్చాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రిన్స్ కూహియో మళ్లీ నిలబెట్టాడు. రాజ్యం పోయాక కూడా ఇన్నేళ్లు రాజును మోస్తున్నారంటే, అది కత్తి మీది గౌరవం కాదు, ఆ తెడ్డు మీది గౌరవమనే నాకనిపించింది.

తర్వాత విగ్రహానికి దండలు వేశారు. మనిషికన్నా పొడవైనవి, ఒక్కొక్కటి ఇద్దరు ముగ్గురు పట్టుకుంటే గానీ నేలకు తగలకుండా రావు. చాచిన చేతి మీద, మెడలో వేస్తుంటే పసుపు అంగీ పూల కింద దాగిపోయింది. "దేవగన్నేరే!" అంది అమ్మ, పువ్వును గుర్తుపట్టి.

ఊరేగింపులో అమ్మకు అన్నిటికన్నా నచ్చింది పావూ రైడర్లు, అంటే గుర్రాల మీద వచ్చే ఆడవాళ్లు. ఒక్కో దీవికి ఒక్కో రంగు, ఒక్కో పువ్వు. ఈ దీవిది ఎరుపు, లెహువా పువ్వు. వాళ్ల పరికిణీకి కుట్టు లేదు. పది, పన్నెండు గజాల బట్టను చుట్టి, కుకుయి అనే చెట్టు గింజల మీదుగా మెలిపెట్టి నడుము దగ్గర దోపుతారు. తొమ్మిది గజాల చీర కట్టే మా అమ్మమ్మ చూసుంటే ఎంత సంబరపడేదో! అమ్మ ఆ గింజల గురించి చెల్లి చేత రెండుసార్లు అడిగించింది.

బయల్దేరేటప్పుడు కుర్చీ నేను తీయబోతే అమ్మ ఒప్పుకోలేదు. తనే మడిచి, మెల్లగా నడిచి వెళ్లి, ఆ పెద్దాయనకు అందించింది. ఆయన రెండు చేతులతో అందుకుని, తన మెడలోని దండ తీసి అమ్మ మెడలో వేశారు.