ఆ రాత్రి నాకొచ్చింది గ్యాస్ కాదు

2022 డిసెంబరు. విజయవాడలో ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉన్నాను. తెల్లవారుజామున 5 గంటలకు స్టడీ అవర్ మొదలైతే రాత్రి పదిన్నరకి గానీ పుస్తకం మూసే వీలుండేది కాదు. టెస్టులో ర్యాంకు పడిపోయిన రోజు, రాత్రి రెండింటికి గుండె దడదడలాడుతూ మెలకువ వచ్చింది. ఊపిరి అందదు. వేళ్లు తిమ్మిరెక్కి కొంకర్లు పోతున్నాయి. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. పక్క మంచం అమ్మాయి పరుగెత్తి వార్డెన్‌ని లేపుకొచ్చింది. ఆవిడ గుమ్మంలోనే నిలబడి, "పరీక్షలొస్తున్నాయంటే చాలు, వేషాలు మొదలు" అని లైటు ఆపేసి వెళ్లిపోయింది. చీకట్లో ఇనుప మంచం కడ్డీ పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. కడ్డీ చేతికి చల్లగా తగులుతుంటే, ఇంకా బతికే ఉన్నానులే అనుకున్నాను. ఆ మాటకి ఆవిడని ఈరోజుకీ క్షమించలేదు.

మర్నాడు ఈసీజీ తీశారు, నార్మల్. థైరాయిడ్ నార్మల్. గ్యాస్ అని ఇంజెక్షన్ చేసి పంపేశారు. ఆ వారంలోనే ఇంకో రెండుసార్లు వచ్చింది.

పట్టుకున్నది బోటనీ మేడం. రికార్డులో డైకాట్ స్టెమ్ బొమ్మ గీశాను, గీతలన్నీ వణికిపోయాయి. మేడం సంతకం పెట్టకుండా పాత పేజీలు వెనక్కి తిప్పి చూశారు. "నీ చెయ్యి ఇలా ఉండదే" అన్నారు. స్టాఫ్‌రూమ్‌కి తీసుకెళ్లి, తన డబ్బాలో పెరుగన్నం సగం మూతలో పెట్టి నా ముందుకు జరిపారు. తిన్నాకే అడిగారు. పొద్దున్న లేవకపోతే బాగుండు అనిపిస్తోందని అప్పుడు చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని చేతులు పట్టుకున్నాను.

"ఈ ఒక్క మాట మాత్రం దాచలేనమ్మా. మీ అమ్మకి చెప్తాను, నువ్వు పక్కనుండగానే" అన్నారు. అలాగే చేశారు. నమ్మి చెబితే ఇలా చేశారేంటని పదిహేను రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

సైకియాట్రిస్టు ఇవి పానిక్ ఎటాక్స్, అంటే ఉన్నట్టుండి ముంచుకొచ్చే విపరీతమైన భయం అన్నారు, డిప్రెషన్ కూడా ఉందన్నారు. నాన్న బయటికొచ్చి "మా పిల్లకి పిచ్చి కాదు" అని గోల పెట్టారు. ఫోన్‌లో మేడమే గంటసేపు ఆయనకి నచ్చజెప్పారు. టాబ్లెట్ పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందని డాక్టరు ముందే చెప్పారు. మొదటి వారమంతా వికారం. మూడో వారంలో ఒక రాత్రి మెలకువ రాకుండా నిద్రపోయాను. అమ్మ దుర్గమ్మకి ముడుపు కట్టింది, మెట్లెక్కి తీర్చుకుంది. నాకు తగ్గింది మందుల వల్లా, అమ్మవారి వల్లా కూడా. ఇందులో ఏ ఒక్కటీ తీసేయలేను.

వేసవిలో బాగైపోయానని నా అంతట నేనే మందు ఆపేశాను. మళ్లీ మొదటికొచ్చింది. మీరు ఆ పని చేయకండి, డాక్టరు తగ్గించమన్నట్టే తగ్గించండి. చెప్పుకోవడానికి మా మేడం లాంటివాళ్లు లేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. రాత్రి రెండింటికైనా తెలుగులో మాట్లాడొచ్చు, ఉచితం. ఆ రాత్రి ఆ నంబరు ఉందని మా హాస్టల్లో ఒక్కరికీ తెలియదు. గోడలనిండా ర్యాంకుల పోస్టర్లే, ఒక్క మూల ఆ ఐదంకెలు రాసిపెట్టాలని ఎవరికీ తోచలేదు!

ఇప్పుడు డిగ్రీ రెండో ఏడు. మొన్న వెళ్లి, ఆ పదిహేను రోజులకీ క్షమించమని మేడంని అడిగాను. "నువ్వు మాట్లాడకపోయినా రోజూ క్లాసుకొచ్చావు కదమ్మా. నేను చూసుకున్నది అదే" అన్నారు.