రోడ్డు ఖాళీ, బండి మాత్రం కదలదు

రాత్రి రెండింటికి, సర్వర్లనీ డిస్కులనీ కలిపే స్టోరేజ్ స్విచ్ ముందు కూర్చుని ఒకటే అంకె చూస్తున్నా: 25 శాతం. రెండో సైటుకి వెళ్లే లింకు వాడకం అంతే, పైకి పోనంటుంది. ఇటు డేటాబేస్ వాళ్లేమో రెప్లికేషన్ (డేటాని రెండో సైటుకి కాపీ చేయడం) వెనకబడిందని ఫోన్ల మీద ఫోన్లు.

"అన్నా, ముప్పావు వంతు ఖాళీగానే ఉందిగా, ఇంకేం కావాలంట వీళ్లకి?" అన్నాడు మా జూనియర్. సిగ్గు విడిచి చెప్తున్నా, గంట క్రితం దాకా నేనూ అదే అనుకున్నా.

బఫర్ క్రెడిట్లంటే, అవతలి నుంచి జవాబు రాకముందే ఎన్ని ఫ్రేములు (డేటా పొట్లాలు) పంపొచ్చో ఆ కోటా. అవి అయిపోయినప్పుడల్లా పెరిగే కౌంటర్ ఒకటుంటుంది. తెరిచి చూస్తే ఆటో మీటర్ కంటే జోరుగా తిరుగుతోంది. అవతలి స్విచ్ "అందింది" అంటేనే కదా ఖర్చయిన క్రెడిట్ వెనక్కి వచ్చేది. ఫైబర్‌లో కాంతికి కిలోమీటరుకి సుమారు 5 మైక్రోసెకన్లు, రెండో సైటు దాకా 20 కిలోమీటర్లు పోయి రావడానికి 200. 16 గిగాబిట్ లింకు నిండాలంటే కిలోమీటరుకి దాదాపు 8 క్రెడిట్లు, అంటే 160, అదీ ఫ్రేములు నిండుగా వెళ్తేనే. మా పోర్టుకి ఉన్నవి 40. సరిగ్గా నాలుగో వంతు. లెక్క కుదిరింది, నా మొహం మాడింది.

ప్లానింగ్ షీటులో పోర్టులు లెక్కేశా, ఓవర్‌సబ్‌స్క్రిప్షన్ (ఒకే లింకుని పంచుకునే పోర్టుల మొత్తం వేగానికీ ఆ లింకు వేగానికీ నిష్పత్తి) 7:1 దాటకుండా చూశా, మూడేళ్ల గ్రోత్‌కి రంగులు కూడా వేశా. దూరానికి మాత్రం కాలమ్ లేనే లేదు!

క్రెడిట్లు 240కి పెంచా. దానికి లింకు ఒకసారి పడి లేవాలని పర్మిషన్ కోసం ఇంకో నలభై నిమిషాలు. ఐదున్నరకి రెప్లికేషన్ అందుకుంది. జూనియర్ టీ తెచ్చి, షీటులో కొత్త కాలమ్ కూడా వాడే వేశాడు, ఏమీ అనకుండా.