సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్స్‌లో నేల మీది ఆట: నా సాధన ఎంతవరకు వచ్చింది

ఈ ఏడాది నా గోల్ఫ్ సాధన అంతా ఒక్క విషయం మీదే. గ్రీన్ (జెండా, కప్పు ఉండే నున్నటి గడ్డి చోటు) దగ్గరికి వచ్చాక బంతిని గాల్లోకి లేపకుండా నేల మీద దొర్లించి జెండా దగ్గరికి చేర్చాలి. సముద్రపు ఒడ్డున ఉండే లింక్స్ కోర్సుల్లో ఇది రాకపోతే పని జరగదు. అక్కడ అడుగున ఇసుక, పైన పొట్టి ఫెస్క్యూ గడ్డి. నేల గట్టిగా ఉంటుంది. హైదరాబాద్‌లో నేర్చుకున్న ఎత్తైన వెడ్జ్ షాట్ (బంతిని బాగా పైకి లేపే కర్రతో కొట్టేది) ఇక్కడ వేస్తే బంతి పడ్డచోట నిలవదు, ఒక్క ఎగురు ఎగిరి గ్రీన్ అవతలికి పోతుంది. ఎదురుగాలి ఉంటే గ్రీన్ దాకా కూడా రాదు.

ఉద్యోగం స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో కాబట్టి ప్రాక్టీస్‌కు చోటు వెతుక్కునే పని లేదు. ఊరి మధ్యలో బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్ అనే తక్కువ దూరపు హోల్స్ (బంతిని మొదట కొట్టే చోటు నుంచి కప్పు దాకా ఒక్కో ఆట దారి) ఉన్న మైదానం ఉంది, డబ్బు కట్టకుండా ఆడుకోవచ్చు. సాయంత్రాలు ఒక సెవెన్ ఐరన్ (మధ్యరకం దూరాలకు వాడే కర్ర), ఒక పటర్ (బంతిని నేల మీద దొర్లించే కర్ర) పట్టుకుని అక్కడికే వెళ్లేవాణ్ణి. సెలవు రోజుల్లో మసల్‌బరో ఓల్డ్ లింక్స్. గుర్రప్పందేల ట్రాక్ మధ్యలో ఉన్న తొమ్మిది హోల్స్ కోర్స్ అది. అక్కడ 1672లో గోల్ఫ్ ఆడినట్టు రాతపూర్వకమైన ఆధారం ఉంది. పాత కోర్స్ మీద ఆడే ఆనందం తక్కువ ఖర్చులో కావాలంటే నేను ముందు దాన్నే చెబుతాను.

షాట్ పద్ధతి ఇది: బంతి కుడి పాదం వైపు, బరువు ఎడమ కాలి మీద, చేతులు బంతి కంటే కాస్త ముందుకు. మణికట్టు విరవకుండా పటింగ్ చేసినట్టే కొట్టాలి. జెండా వైపు కాదు, బంతి మొదట నేలను తాకాల్సిన చోటు వైపే చూడాలి. ఆ చోటును ముందుగా ఎంచుకోవడమే అసలు పని.

ఇక నా సాధనకు లక్ష్యమైన ఓల్డ్ కోర్స్‌లోకి (సెయింట్ ఆండ్రూస్ ఊళ్లోని లింక్స్ కోర్స్) బయటివాళ్లు ఎలా వెళ్లాలి అన్నది. ఇది ప్రైవేట్ క్లబ్ సొంత కోర్స్ కాదు. పక్కన కనిపించే రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్ భవనం వేరు, కోర్స్ వేరు. ఈ నేల మీద ఆడుకునే హక్కు ఊరి జనానికి ఉందని 1552లోనే ఆర్చిబిషప్ హామిల్టన్ పత్రం గుర్తించింది. ఇప్పుడు నడిపేది సెయింట్ ఆండ్రూస్ లింక్స్ ట్రస్ట్. చాలా నెలల ముందు బుక్ చేసుకునే వీలు కొంత ఉంది. అది దొరకనివాళ్లకు బ్యాలట్, అంటే లాటరీ. ఆడదలచిన రోజుకు రెండు రోజుల ముందు ఆన్‌లైన్‌లో పేర్లు ఇవ్వాలి. ఇద్దరు తగ్గకూడదు, నలుగురు మించకూడదు. ఒక్కరే వచ్చినవాళ్లకు 2024 నుంచి ముందురోజు వేరే డ్రా తీస్తున్నారు. అంతకుముందు తెల్లవార్లూ క్యూలో కూర్చునేవాళ్లు. ఆ తిప్పలు పోవడం మంచిదే అనిపిస్తుంది నాకు. హ్యాండికాప్ (ఆటగాడి స్థాయిని చెప్పే అంకె) రుజువు తప్పక ఉండాలి, ఇండియా నుంచి వచ్చేవాళ్లు మీ క్లబ్ ఇచ్చే సర్టిఫికెట్ తెచ్చుకోండి. సీజన్‌లో ఫీజు 300 పౌండ్ల పైమాటే. చలికాలంలో తగ్గుతుంది కానీ, ఫెయిర్‌వే (గ్రీన్ దాకా పొట్టిగా కోసిన గడ్డి దారి) కాపాడటానికి బంతిని చిన్న మ్యాట్ మీద పెట్టి ఆడమంటారు. నేల మీది ఆట కోసం వెళ్లేవాళ్లకు అది నేను సలహా ఇవ్వను.

మా బావ హైదరాబాద్ నుంచి రావడంతో ఇద్దరం అయ్యాం. శనివారం పేర్లు ఇచ్చాం, సాయంత్రానికి సోమవారం టైం వచ్చింది. "ఒరేయ్, నిజంగానే వచ్చిందా, ఇంకోసారి చూడు" అని బావ ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నాడు.

మధ్యలో ఆదివారం ఉండటం పెద్ద లాభం. ఆదివారం ఓల్డ్ కోర్స్ మీద ఆట ఉండదు, ఊళ్లోవాళ్లు కుక్కలతో, పిల్లలతో తిరుగుతారు. ఆడే ముందు కోర్స్ చూసుకోవాలంటే అంతకంటే మంచి అవకాశం లేదు. ఎడిన్‌బరో నుంచి రైల్లో లూకర్స్ దాకా, అక్కణ్ణుంచి 99 నంబర్ బస్సు. సెయింట్ ఆండ్రూస్‌లో రైల్వే స్టేషన్ 1969లోనే మూసేశారు. మొత్తం పద్దెనిమిది హోల్స్ నడిచి, ప్రతి గ్రీన్ ముందు నేల ఎటు వాలుతోందో చిన్న పుస్తకంలో బాణం గుర్తులు వేసుకున్నాం. టీవీలో చదునుగా కనిపించే ఫెయిర్‌వేలు నిజానికి అలలు అలలుగా ఉంటాయి. హెల్ బంకర్‌ను (బంకర్ అంటే ఇసుక గుంట) పక్కనుంచి చూశాం. పచ్చిక ముక్కలను ఇటుకల్లా పేర్చి కట్టిన దాని గోడ మనిషి కంటే ఎత్తు. 1995లో ఓపెన్ అనే పెద్ద టోర్నమెంట్‌లో జాక్ నిక్లాస్ అంతటి ఆటగాడికే అందులోంచి బయటపడటానికి నాలుగు షాట్లు పట్టాయి.

గ్రీన్‌ల లెక్క కూడా ఆరోజే బాగా అర్థమైంది. నాలుగు హోల్స్‌కు (1, 9, 17, 18) మాత్రమే సొంత గ్రీన్ ఉంది. మిగతావి రెండేసి హోల్స్‌కు కలిపి ఒకటి, ఆ రెండు నంబర్లు ఎప్పుడూ కూడితే 18. ఉమ్మడి గ్రీన్‌ల మీద వెళ్లేటప్పటి (మొదటి తొమ్మిది హోల్స్) జెండా తెలుపు, వచ్చేటప్పటిది (చివరి తొమ్మిది) ఎరుపు. బంతి తప్పు వైపు ఆగిందా, ముప్ఫై మీటర్ల పట్ (పటర్‌తో దొర్లించే షాట్) కొట్టాల్సిందే.

సోమవారం వాయవ్యం గాలి. వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనక. క్యాడీని (కర్రల సంచి మోస్తూ దారి చెప్పే మనిషి) పెట్టుకున్నాం, ఇక్కడ డబ్బు చేతికే ఇవ్వాలి కాబట్టి నగదు ఉంచుకోండి. అరవై దాటిన మనిషి. మొదటి టీ (హోల్ మొదలయ్యే చోటు) మీదే అన్నాడు: "ఎడమ వైపు ఎంత పోయినా ఆట ఉంటుంది. కుడికి పోకండి." మొదటి గ్రీన్ ముందు స్విల్కన్ వాగు అడ్డం కాబట్టి అక్కడొక్కచోట బంతిని గాల్లో పంపక తప్పదు. ఆ తర్వాత సెవెన్ ఐరన్ మళ్లీ చేతిలోకి వచ్చింది.

రెండు నుంచి పది వరకు సాఫీగానే జరిగింది, ఎదురుగాలిలో తక్కువ ఎత్తు షాట్లే నన్ను నిలబెట్టాయి. పదకొండో హోల్ వేరే సంగతి. పార్ 3 (మూడు షాట్లలో ముగించాల్సినది), గ్రీన్ వెనక ఈడెన్ నది సముద్రంలో కలిసే చోటు, ముందు స్ట్రాత్ బంకర్, ఎడమన హిల్ బంకర్. 1921 ఓపెన్‌లో ఆటగాడు బాబీ జోన్స్ ఆట మధ్యలో వదిలేసింది ఈ హోల్ దగ్గరే. గ్రీన్ వెనకనుంచి ముందుకు బాగా వాలు. 2015 ఓపెన్‌లో ఈ గ్రీన్ మీద గాలికి బంతులు వాటంతట అవే కదలడంతో ఆట ఆపేశారు. ఇక్కడి గ్రీన్‌లను మరీ వేగంగా ఉంచకపోవడానికి కారణం కూడా ఆ గాలే. పై నుంచి కిందికి నేను కొట్టిన పట్ కప్పు దాటి చాలా దూరం జారింది. మూడు పట్లు.

పదిహేడో హోల్ కోసమే ఇన్నాళ్ల సాధన అనుకోవచ్చు. టీ షాట్ హోటల్ పక్కనున్న షెడ్ల మీదుగా పోవాలి, గ్రీన్ వెనక తారు రోడ్డు, దాని అవతల రాతి గోడ, గ్రీన్ ఎడమ అంచున లోపలికి చొచ్చుకొచ్చిన రోడ్ బంకర్. నేల మీది ఆటకు కూడా ఇక్కడ ప్రమాదం ఉంది. 1978 ఓపెన్‌లో గ్రీన్ మీదున్న జపాన్ ఆటగాడు నకజిమా పట్ కొడితే బంతి వాలు పట్టుకుని ఆ బంకర్లోకే దొర్లిపోయింది, చివరికి ఆ హోల్‌లో 9 కొట్టాడు. నా మూడో షాట్ కావాలనే గ్రీన్‌కు కుడివైపు ముందు ఆపాను. అక్కడినుంచి పటర్. క్యాడీ జెండాకు రెండు గజాలు కుడిగా నేల మీద కాలి బొటనవేలితో చూపించి, "ఇక్కడికి కొట్టండి, మిగతాది వాలు చూసుకుంటుంది" అన్నాడు. బంతి గడ్డి మీద రెండుసార్లు చిన్నగా తడబడి, గ్రీన్ భుజం ఎక్కుతూ నెమ్మదించింది, పైకి చేరాక ఎడమకు తిరిగి కప్పుకు అడుగున్నర దూరంలో ఆగింది. బావ గట్టిగా చప్పట్లు కొట్టాడు. బోగీ, అంటే పార్ కంటే ఒకటి ఎక్కువ.

పద్దెనిమిదో గ్రీన్ ముందు వ్యాలీ ఆఫ్ సిన్ అనే లోతైన పల్లం ఉంటుంది. 1995 ఓపెన్‌లో ఇటలీ ఆటగాడు కాస్టాంటినో రోక్కా అందులోంచి పటర్‌తోనే బంతిని కప్పులో వేసి ప్లేఆఫ్ (సమానంగా నిలిచినవాళ్ల మధ్య తుది పోటీ) సంపాదించాడు. నేనూ అక్కడినుంచి పటరే వాడాను, రెండు పట్లలో ముగించాను. మొత్తం 98 షాట్లు.

లెక్క చూసుకుంటే, గ్రీన్ బయటినుంచి దొర్లించిన షాట్లు చాలావరకు అనుకున్న చోటే ఆగాయి. అది వచ్చేసిందనే నమ్మకం కుదిరింది. దూరపు పట్లే ఇంకా చేతికి రాలేదు. ఇరవై మీటర్లు దాటితే బలం అంచనా తప్పుతోంది, వాలు దిగేటప్పుడు మరీనూ. దీనికి మందు కూడా ఆ ఊళ్లోనే ఉంది. ఓల్డ్ కోర్స్ పక్కనే 1867 నుంచి ఉన్న లేడీస్ పటింగ్ క్లబ్ మైదానం, అందరూ హిమాలయాస్ అంటారు. గుట్టలూ పల్లాలూ తప్ప చదును కనిపించదు, బయటివాళ్లను కొద్ది పౌండ్లకే ఆడనిస్తారు. రాబోయే నెలల్లో అక్కడ దూరపు పట్లు మాత్రమే కొడతాను. ఆ తర్వాత న్యూ కోర్స్ బుక్ చేస్తాను. పేరుకు న్యూ అయినా అది 1895 నాటిది, ఫీజు బాగా తక్కువ, నేల మాత్రం అదే.