చెనక్కాయలు పెరికే రోజుల్లో జ్వరం

చెనక్కాయలు పెరికే కాలం వచ్చిందంటే మన బడిలో సగం తరగతికి జ్వరం వచ్చేది. కడప చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే మా అందరి లీవ్ లెటర్లలో ఒకటే వాక్యం: 'యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్'. అబద్ధమాడాలని కాదు. కంఠతా పట్టించిన కారణం అదొక్కటే గనక అందరం అదే రాసేవాళ్లం.

ఇంగ్లీషు సారు ఒకసారి ఆ కాగితాలన్నీ ముందేసుకుని, "ఏం అబ్బీ, మీ చేన్లో చెనక్కాయలు పెరుకుతాండారు గదా, ఆ మాటే రాయి. నేనేమన్నా వద్దంటానా?" అన్నారు. 'మై ఫాదర్ నీడ్స్ మీ ఇన్ ద ఫీల్డ్' అని బోర్డు మీద రాశారు. ఏడే మాటలు. లేని జ్వరం పోయి మా నాయన, మా చేను ఇంగ్లీషులోకి వచ్చిన రోజది.

ఆయనకు ఇంకో అలవాటుండేది. మన నోట్సులో అనుమానమున్న మాటను బొటనవేలితో మూసి, "ఇప్పుడు చదువు" అనేవారు. 'రిటర్న్ బ్యాక్'లో బ్యాక్ మూస్తే అర్థం ఏమీ తగ్గదు. 'డిస్కస్ అబౌట్'లో అబౌట్ కూడా అంతే. మూసినా లోటు లేని మాటను ఎర్ర ఇంకుతో కొట్టేసేవారు.

ఉద్యోగంలో చేరాక నన్ను బాగా విసిగించిన మాట 'డూ ద నీడ్‌ఫుల్', అంటే 'అవసరమైనది చేయండి'. భర్త పోయిన ఒకామె పెన్షన్ ఫైలు ఈ మాటతోనే ఒక సీటు నుంచి ఇంకో సీటుకు తిరగడం చూశాను. ఏం చేయాలో, ఎవరు చేయాలో, ఎప్పటిలోగా చేయాలో ఏ కాగితంలోనూ లేదు. ఆమె మాత్రం ప్రతిసారీ బస్సెక్కి రావాల్సిందే. ఇంగ్లీషు తప్పని కాదు నా కోపం. ఆ మాట రాస్తే పని చేసినట్టే అనిపిస్తుంది, అందుకు.

అన్నిటినీ తప్పు పట్టను. 'ప్రిపోన్' (అనుకున్న రోజు కంటే ముందుకు జరపడం) మన దేశంలో బాగా వాడే మాట, పోస్ట్‌పోన్‌కు చక్కటి జోడీ, ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోకీ ఎక్కింది. లేనిదాన్ని ఉన్నట్టు చెప్పడానికి 'లిటరల్లీ' (అక్షరాలా) వాడటం 18వ శతాబ్దం నుంచే ఇంగ్లీషువాళ్లలో ఉంది. అయినా నాకు రుచించదు. 'బేసికల్లీ', 'ఎట్ ద ఎండ్ ఆఫ్ ద డే' అయితే సారు బొటనవేలికి ఒక్క క్షణం ఆగవు. అన్నట్టు, ఒక్కరే ఉండి 'నేను ఈ స్కూలు అలమ్నై' అనకండి. అలమ్నై అంటే పూర్వ విద్యార్థులం అందరం. మగవాడు ఒక్కడైతే అలమ్నస్, ఆడమనిషి ఒక్కతైతే అలమ్నా.

సారు బ్రౌన్ దొర గురించి చెప్పని ఏడాది లేదు. 1820లో కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చి, తెలుగు నేర్చుకుని, పండితులను కూర్చోబెట్టుకుని తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చు వేయించాడు. "మన మాట కోసం ఆయన అంత కష్టపడితే, ఆయన మాటను మనం చిలక పలుకుల్లా అప్పజెప్పేదేంది?" అని సారు బాధపడేవారు. ఎర్రముక్కపల్లెలో ఆ దొర బంగళా ఉన్న చోటే ఇప్పుడు సి.పి.బ్రౌన్ గ్రంథాలయం ఉంది.

ఈసారి పూర్వ విద్యార్థులం బడిలో కలిసినప్పుడు ఇప్పటి పదో తరగతి పిల్లలతో ఒక పూట కూర్చుందామని నా మనవి. జ్వరం అనే మాట వాడకుండా ఒక్కొక్కరితో ఒక్కో లీవ్ లెటర్ రాయిద్దాం. నిఘంటువులు నేను తెస్తాను, దిద్దడానికి మీరు రండి.