కేబుల్ కొనే ముందు ఒక తాడు తీసుకోండి

బోటు వెనక బిగించే మోటార్లలో, చేత్తో పట్టుకుని తిప్పే టిల్లర్ మోటారుకి ఈ కంట్రోల్ కేబుళ్ల గొడవే లేదు. బోటు మధ్యలో స్టీరింగ్ పెట్టి, పక్కన కంట్రోల్ బాక్సు (లివర్ ఉండే పెట్టె) బిగించారంటే మాత్రం రెండు కేబుళ్లు కావాలి, ఒకటి గేరుకి, ఒకటి థ్రాటిల్‌కి, అంటే వేగం పెంచి తగ్గించడానికి. మన విశాఖ ఫిషింగ్ హార్బర్ దగ్గర అడిగితే చాలామంది "ఎన్ని అడుగులు?" అంటారు, కానీ ముందు అడగాల్సింది కేబుల్ చివర్ల సంగతి. యమహా మోటారుకి సరిపోయే చివర మెర్క్యురీ కంపెనీ మోటారుకి సరిపోతుందని గ్యారంటీ లేదు, బాక్సు వైపు ఒక రకం, మోటారు వైపు ఇంకో రకం కూడా ఉండొచ్చు.

పొడవుకి తాడే మంచిది. కేబుల్ నిజంగా వెళ్లే దారిలోనే, బాక్సు నుంచి అంచు వెంబడి వెనక్కి, అక్కడ మోటారు ముందు ఒక వదులు చుట్టు వేసి కొలవండి. మోటారుని రెండు వైపులా పూర్తిగా తిప్పి, పైకి ఎత్తి కూడా చూడాలి, ఎక్కడా లాగకూడదు, నలగకూడదు. అడుగుల లెక్కన అమ్ముతారు కాబట్టి పై అంకెకే వెళ్లండి.

33సి అనే మామూలు రకం కంట్రోల్ కేబుల్‌కి వంపు వ్యాసార్ధం 8 అంగుళాలకు తగ్గొద్దు. వంపు పెరిగేకొద్దీ లోపల రాపిడి, లివర్ బరువెక్కడం. కేబుల్‌ని పట్టి ఉంచే క్లాంపులు మరీ బిగించకండి.

లివర్ బిగుసుకుంటే మోటారు వైపు కేబుల్ విప్పి ఆడించండి. అప్పుడు తేలిగ్గా కదిలితే తేడా మోటారు వైపే. అప్పుడూ గట్టిగా ఉంటే కేబుల్‌నో బాక్సునో అనుమానించాలి. పై తొడుగుని వేళ్లతో తడుముతూ వెళ్లండి, ఎక్కడైనా ఉబ్బితే లోపల ఉప్పునీరు చేరి తీగ తుప్పు పట్టినట్టే. గ్రీజు పూసి లాభం లేదు, మార్చేయండి.