సైకిల్ వద్దంటారు, బైక్ తాళం ఇస్తారు

సైకిల్ ప్రమాదమని పిల్లలను వద్దంటాం, బైక్ తాళం మాత్రం చేతికిస్తాం. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో టూవీలర్ల మీద వెళ్లినవాళ్లు 44.5 శాతం, నడిచి వెళ్లినవాళ్లు 19.5 శాతం, సైకిల్ మీద వెళ్లినవాళ్లు 2.9 శాతం. రోడ్డు మీద సైకిళ్లు తక్కువే కాబట్టి ఈ లెక్క చూసి ధీమా పడకూడదు. అయినా మన భయం ఉండాల్సిన చోట లేదు.

సైకిల్ తొక్కేటప్పుడూ అంతే. వెనక నుంచి ఏ బండో గుద్దుతుందేమోనని చాలామంది రోడ్డు పక్కన ఆగిన కార్లకు ఆనుకుని తొక్కుతారు. హఠాత్తుగా డోరు తెరిస్తే తప్పుకునే చోటుండదు. మీటరు ఎడం ఉంచండి. సిగ్నల్ దగ్గర లారీకి, బస్సుకు ఎడమ పక్కన అస్సలు దూరకండి. ఆ మూల డ్రైవరుకు సరిగా కనపడదు, పైగా బండి ఎడమకు తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి వస్తాయి. చీకటి పడితే వెనక ఎర్ర లైటు, పెడళ్లకు రిఫ్లెక్టర్లు తప్పనిసరి.