8 అంగుళాలా, 10 అంగుళాలా: అట్ట మాస్కులతో తేల్చుకున్న లెక్క

నవంబరు 2025

నా దగ్గరున్నది 130 మి.మీ. అద్దం, 650 మి.మీ. ఫోకల్ లెంగ్త్ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే దూరం) ఉన్న చిన్న టేబుల్‌టాప్ డాబ్సోనియన్, అంటే చేత్తో తిప్పే బేస్ మీద కూర్చునే టెలిస్కోపు. దీని తర్వాత ఏ సైజు (అంటే అద్దం వ్యాసం) కొనాలన్నది చాలాకాలంగా మనసులో నలుగుతున్న విషయం. 6 అంగుళాలు చాలని కొందరు, ఎలాగూ కొంటున్నావు కాబట్టి ఏకంగా 10కి వెళ్లిపొమ్మని ఇంకొందరు. రెండు మాటల్లోనూ నిజముంది. కానీ ఏ ఆకాశం కింద, ఎన్నో అంతస్తులో, ఏం చూడ్డానికి అన్నది అడగకుండా సైజు ఒక్కటే చెబితే అది నాకు పనికొచ్చే సలహా కాదు. మాది హైదరాబాదులో మియాపూర్ వైపు. అయిదో అంతస్తు దాకా లిఫ్టు, అక్కడి నుంచి డాబా మీదికి మెట్లు.

ఈ సీజన్లో మంచి అవకాశం దొరికింది. ఆఫీసులో సీనియర్ ఒకాయన ప్రాజెక్టు పని మీద కొన్నాళ్లు పుణె వెళ్తూ, "మూలన పడుండే బదులు నువ్వు వాడుకో" అని తన 8 అంగుళాల డాబ్‌ను (డాబ్సోనియన్‌కు పొట్టి పేరు) మా ఇంట్లో పెట్టి వెళ్లారు. 203 మి.మీ. అద్దం, 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్. పెద్ద టెలిస్కోపు చేతిలో ఉంటే దాని నోరు కొంత మూసి చిన్నదిగా మార్చుకోవచ్చు. అదే రాత్రి, అదే చుక్క, కన్ను పెట్టి చూసే కటకం, అంటే ఐపీస్, కూడా అదే. తేడా ఏదైనా కనిపిస్తే అది అపర్చర్ (కాంతి లోపలికొచ్చే నోటి వెడల్పు) తేడానే.

మాస్కు చెయ్యడం తేలికే. ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె దాచి ఉంచాం. దబ్బనానికి దారం కట్టి, దారం రెండో కొసకు పెన్సిలు కట్టి, ట్యూబు మూతికి సరిపడా రెండు చక్రాలు గీశాను. ఒకదాని మధ్యలో 150 మి.మీ. రంధ్రం, రెండోదానికి 130 మి.మీ. కత్తెరతో కోస్తే అంచు నలుగుతుంది, కొత్త బ్లేడు వేసిన కట్టర్ వాడాలి. చక్రం చుట్టూ రెండు వేళ్ల వెడల్పు అట్టపట్టీ అంటిస్తే డబ్బా మూతలా ట్యూబుకు పట్టుకుంటుంది, లోపలికి జారి అద్దం మీద పడదు. లోపలి వైపు నల్ల చార్టు పేపరు అంటించాను.

ఈ పద్ధతిలో చిన్న లోపం ఉంది. ట్యూబులోని రెండో అద్దం సైజు మారదు కాబట్టి, నోరు మూసే కొద్దీ మధ్యలో అడ్డు వాటా పెరుగుతుంది. ఈ 8 అంగుళాల్లో అది వ్యాసంలో నాలుగో వంతు. 150 మాస్కు వేస్తే మూడో వంతవుతుంది. అందుకని నిజమైన 6 అంగుళాల టెలిస్కోపు నేను మాస్కుతో చూసినదానికంటే కాస్త మెరుగ్గానే ఉంటుంది. గ్రహాల దగ్గర ఇది గుర్తు పెట్టుకోవాలి.

కాగితం మీద లెక్క ఇది: కాంతిని పట్టే శక్తి వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుంది. 130 నుంచి 203కి వెళ్తే దాదాపు 2.4 రెట్లు, అంటే ఇంకో మాగ్నిట్యూడ్ (చుక్కల వెలుగు కొలత, అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు) మసక చుక్కల దాకా కనిపిస్తాయి. 6 నుంచి 8కి 1.8 రెట్లు. 8 నుంచి 10కి 1.6 రెట్లకు లోపే, అంటే అర మాగ్నిట్యూడ్. పైకి పోయే కొద్దీ ఒక్కో రెండు అంగుళాలకూ దక్కేది తగ్గుతుంది, బరువు మాత్రం తగ్గదు.

శనిగ్రహం ఈసారి పరీక్షకు పనికిరాలేదు. వలయాలు దాదాపు అంచు మీదున్నాయి, సన్నటి గీతలా కనిపించి ఊరుకుంటున్నాయి. వలయాల మధ్య 'కాసిని' (Cassini) అనే పేరున్న ఖాళీ కనిపిస్తుందా లేదా అని పోల్చడానికి ఇది సంవత్సరం కాదు.

డిసెంబరు

మృగశిర, ఆర్ద్ర తూర్పున పైకొచ్చాక అసలు పని మొదలైంది. ఒరాయన్ నెబ్యులా మధ్యలో ట్రెపీజియం అనే నాలుగు చుక్కల గుంపు ఉంది. ఆ నాలుగూ ఏ టెలిస్కోపులోనైనా కనిపిస్తాయి. వాటి పక్కనే 'ఈ', 'ఎఫ్' అని మరో రెండు మసక చుక్కలుంటాయి. అపర్చర్‌కూ గాలి నిలకడకూ కలిపి పెట్టే పరీక్ష అవి.

మా అమ్మాయి ఏడో తరగతి. మాస్కులు మార్చే పని తనకిచ్చాను. షరతు ఏమిటంటే ఏది వేసిందో నాకు చెప్పకూడదు. నేను తల పక్కకి తిప్పుకుంటాను, తను వేస్తుంది లేదా ఊరికే వేసినట్టు చప్పుడు చేస్తుంది, నేను చూసి కనిపించిన చుక్కలు చెబుతాను, తను నోటుబుక్కులో రాస్తుంది. బొమ్మ ఎంత వెలుగుగా ఉందన్నదాన్ని బట్టి కొంత పసిగట్టొచ్చు, నిజమే. అయినా "ఎఫ్ కనిపిస్తోందా నాన్నా, లేదా?" అని నిలదీసినప్పుడు ఊహించి చెప్పడం కుదరదు.

బొమ్మను 120 రెట్లు పెద్దది చేసి చూస్తే, గాలి నిలకడగా ఉన్న రాత్రుల్లో, మాస్కు లేకుండా 'ఈ', 'ఎఫ్' రెండూ ఉన్నాయి. ఎఫ్ పక్కనున్న పెద్ద చుక్క వెలుగులోంచి విడివడి, చిన్న సూది మొనలా నిలబడింది. 150 మాస్కుతో 'ఈ' కనిపిస్తోంది, ఎఫ్ వచ్చి పోతోంది. 130తో 'ఈ' ఒక్కటే, అదీ చూపు పక్కకు వేస్తేనే. గాలి చలించే రాత్రుల్లో మూడింటికీ తేడా లేదు, ఏదీ కనిపించలేదు.

ఈటా ఒరాయనిస్ అనే జంటచుక్క మధ్య దూరం 1.8 ఆర్క్ సెకండ్ల (ఒక ఆర్క్ సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు) దాకా ఉంటుంది. లెక్క ప్రకారం 130 మి.మీ. కూడా దాన్ని విడగొట్టాలి, విడగొట్టింది. పైగా గాలి అంతంతమాత్రంగా ఉన్నప్పుడు చిన్న మాస్కులోనే బొమ్మ శుభ్రంగా కనిపించింది. చిన్నదే మేలనడానికి దీన్ని రుజువుగా చూపిస్తుంటారు. నేనొప్పుకోను. కాసేపు ఓపిగ్గా ఐపీస్ దగ్గర ఉంటే, గాలి సర్దుకున్న ఒకటి రెండు క్షణాల్లో పెద్ద అద్దం చూపించేది చిన్నది ఎంతసేపున్నా చూపించదు.

జనవరి 2026

పదో తేదీన గురుగ్రహం సూర్యుడికి సరిగ్గా ఎదురుగా వచ్చింది. మిథున రాశిలో ఉంది కాబట్టి మన అక్షాంశంలో అర్ధరాత్రికి దాదాపు నడినెత్తిన ఉంటుంది. వాతావరణం దృష్ట్యా అంతకంటే మంచి చోటు లేదు. కానీ డాబ్‌కు కష్టమైన చోటు కూడా అదే. ట్యూబు నిటారుగా నిలబడ్డాక పక్కకు తిప్పాలంటే పట్టు దొరకదు, ఎంత తోసినా బేస్ సరిగ్గా తిరగదు. అందుకని నడినెత్తికి రాకముందే, రాత్రి తొమ్మిది, పది మధ్య చూడ్డం అలవాటు చేసుకున్నాను. (ఈ బేస్‌కు పేరొచ్చింది జాన్ డాబ్సన్ వల్ల. శాన్ ఫ్రాన్సిస్కో వేదాంత సొసైటీ మఠంలో సన్యాసిగా ఉంటూనే, పాత ఓడ కిటికీ గాజులు అరగదీసి అద్దాలు తయారుచేసిన మనిషి. పెద్ద అద్దం సామాన్యుడికి అందిందంటే ఆయన చలవే.)

గురుడి మీద తేడా ట్రెపీజియం కంటే స్పష్టం. మాస్కు లేకుండా 200 రెట్ల దగ్గర ఎర్ర మచ్చకు రంగుంది, పట్టీల అంచులు గరుకుగా చీలి కనిపించాయి, గురుడి ఉపగ్రహం అయో నీడ నల్లటి చుక్కగా జరిగింది. 130 మాస్కుతో అదే 200 రెట్లకు బొమ్మ మసకబారింది. మచ్చ ఉన్నచోట పట్టీకి సొట్ట పడ్డట్టు తెలిసింది గానీ రంగు లేదు. 150తో మధ్యస్థం, 8కి దగ్గరగానే.

సంక్రాంతికి కనిగిరి దగ్గర మా అత్తగారి ఊరు వెళ్లాం. 8 అంగుళాల ట్యూబు కారు వెనక సీటంతా ఆక్రమిస్తుంది, ఇంట్లో ముగ్గురం. కాబట్టి 130 మాత్రమే డిక్కీలోకి ఎక్కింది. ఊళ్లో ఆకాశం నల్లగా ఉంది, పైగా అమావాస్య దగ్గర. పెరట్లో బావి గట్టు మీద 130 పెట్టుకుని చూశాను. ఆండ్రోమెడా గెలాక్సీ ఐపీస్ దాటి రెండు వైపులా సాగింది. ట్రయాంగులం గెలాక్సీ, అదే ఎం33, వెడల్పాటి మసకలా తేలికగా కనిపించింది. హైదరాబాదులో 8 అంగుళాలతో ఎన్నిసార్లు వెతికినా దొరకనిది అదే. భోగి ముందు తెల్లవారుజామున దక్షిణాన ఒమేగా సెంటారీ అనే చుక్కల గుచ్ఛం లేచింది. పెద్ద గుండ్రటి వెలుగు, అంచుల్లో రవ్వ పోసినట్టు గరుకు. భోగి మంటల పొగ కమ్మేలోపే చూసేయాలి, చూసేశాను.

కారణం సూటిగానే ఉంది. అద్దం పెద్దదైతే గెలాక్సీ వెలుగుతో పాటు వెనకున్న ఆకాశం వెలుగు కూడా అంతే పెరుగుతుంది. రెండింటి మధ్య తేడా పెరగదు. నగరంలో ఆకాశమే బూడిదరంగులో ఉన్నప్పుడు 10 అంగుళాలు ఆ బూడిదనే ఇంకాస్త పట్టుకొస్తాయి. చుక్కల సంగతి వేరు. చుక్క ఒక బిందువు కాబట్టి, రెట్లు పెంచి వెనక ఆకాశాన్ని నల్లబరచొచ్చు, చుక్క మాత్రం నిలబడుతుంది. హైదరాబాదు ఖగోళ చరిత్రలోనూ ఇదే కనిపిస్తుంది. బేగంపేట నిజామియా అబ్జర్వేటరీలో 15 అంగుళాల టెలిస్కోపు ఉండేది. తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ 48 అంగుళాలది పెట్టినప్పుడు నగరంలో పెట్టలేదు, నగరానికి దూరంగా ఉన్న జపాల్-రంగాపూర్ తీసుకెళ్లింది.

ఫిబ్రవరి

ఈ నెలంతా మెట్లు, బరువులు.

చాలామందికి తెలియనిదొకటుంది: మామూలుగా దొరికే 6, 8, 10 అంగుళాల డాబ్‌లన్నిటికీ ఫోకల్ లెంగ్త్ 1200 మి.మీ. దగ్గరే. అంటే ట్యూబు పొడవు ఇంచుమించు ఒకటే. 6 తీసుకుంటే కారులో చోటు మిగులుతుందనుకుంటే మిగలదు. మారేది లావు, బరువు, బేస్ వెడల్పు. 8 అంగుళాలది ట్యూబు, బేస్ చెరో 10 కిలోల చుట్టూ ఉంటాయి. 10 అంగుళాల ట్యూబు ఒక్కటే 15 కిలోల దాకా, బేస్ కూడా అందుకు తగ్గట్టు వెడల్పు.

దుకాణంలో ఎత్తి చూస్తే 15 కిలోలు పెద్ద బరువు అనిపించదు. అందుకని ఇంట్లో పరీక్షించాను. 20 లీటర్ల వాటర్ క్యాన్‌లో 15 లీటర్లు ఉంచి, వారం మధ్యలో ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చిన రోజునే డాబా దాకా మోశాను. మొయ్యగలను. కానీ క్యాన్‌ను ఒంటికి హత్తుకోవచ్చు, నాలుగడుగుల ట్యూబును మెట్ల మలుపులో గోడకు తగలకుండా తిప్పాలి, చీకట్లో కిందికి దిగాలి. 8 అంగుళాల ట్యూబుకే మలుపు దగ్గర ఒక మెట్టు వెనక్కి వేసి తిప్పుకోవాల్సి వస్తోంది. డాబా ఇనుప తలుపు కొలిచాను. 10 అంగుళాల బేస్ దూరుతుంది గానీ ఇద్దరు పట్టుకోవాలి. మా ఆవిడ ఒక్క మాటే అడిగింది, "రాత్రి పదకొండింటికి ఆ రెండో మనిషి ఎవరండీ?"

మార్చి

ఎండలు ముదిరాయి. డాబా స్లాబు పగలంతా తాగిన వేడిని అర్ధరాత్రి దాకా కక్కుతోంది. అద్దం కూడా చల్లబడాలి. 8 అంగుళాలకు గంట ఇస్తే సరిపోతోంది, చీకటి పడగానే పైన పెట్టేసి అన్నం తిని వస్తున్నాను. ఇంకా మందమైన అద్దానికి ఇంకా ఎక్కువసేపు కావాలి. నీళ్ల ట్యాంకు పక్కన, ఏసీ అవుట్‌డోర్ యూనిట్లకు దూరంగా ఉన్న మూల మేలనిపించింది. ఎదుటి అపార్ట్‌మెంట్ ఎల్ఈడీ లైటుకు అడ్డంగా బట్టల దండెం మీద ముదురు రంగు దుప్పటి ఆరేస్తే చాలు. నగరంలో అపర్చర్ పెంచడం కంటే ముందు ఖర్చు లేకుండా చేసుకోగలిగింది ఇదే.

ఎం3 అనే గుళికా గుచ్ఛం (వేల చుక్కలు ఉండలా గుమికూడినది) మీద ఆఖరి పోలిక. 130 మాస్కుతో పత్తి ఉండ. 150తో అంచుల్లో చుక్కలున్నాయేమోనన్న అనుమానం. మాస్కు తీసి 200 రెట్లకు వెళ్తే మసక విడిపోయి, నడిమి దాకా చుక్కలు మొలిచాయి. ఆ గుచ్ఛంలో ప్రకాశవంతమైన చుక్కలు 13వ మాగ్నిట్యూడ్‌కు కాస్త ఇటు నుంచి మొదలవుతాయి, సరిగ్గా ఈ మూడు సైజులూ విడిపోయే చోటు అది. అర్ధరాత్రి దాటాక ఒమేగా సెంటారీ కూడా చూశాను. నగరం వెలుగులో, దిక్చక్రానికి పాతిక డిగ్రీల ఎత్తులో ఊళ్లో చూసినంత వెడల్పు లేదు, కానీ విడి చుక్కలు లెక్కపెట్టేలా ఉన్నాయి. వెడల్పునిచ్చింది చీకటి, చుక్కల్ని విడదీసింది అద్దం.

కాబట్టి నా నిర్ణయం 8. డాబా మీద నేను ఎక్కువగా చూసేవి గ్రహాలు, జంటచుక్కలు, గుచ్ఛాలు. వాటికి 6 నుంచి 8కి మార్పు ప్రతి రాత్రీ కనిపిస్తోంది. 8 నుంచి 10కి దక్కే అర మాగ్నిట్యూడ్ కోసం రెండో మనిషిని వెతుక్కోవడం నాకు కుదరదు. ఇల్లు కింది అంతస్తులో ఉండి, వాకిట్లోనే ఆకాశం ఉన్నవాళ్లు మాత్రం నా మాట పట్టించుకోకుండా 10 తీసుకోండి. గెలాక్సీలే ప్రాణం అనుకునేవాళ్లు ముందు పెట్రోలుకు డబ్బు పెట్టండి, 130తోనైనా సరే.

ఏప్రిల్

సీనియర్‌గారు తిరిగొచ్చారు, ఆయనది ఆయనకు అప్పజెప్పాను. నా 8 అంగుళాలది వచ్చింది, అదే 1200 ఫోకల్ లెంగ్త్. పెట్టె విప్పగానే కొలిమేషన్, అంటే రెండు అద్దాలూ సరైన వరుసలో ఉన్నాయా అన్నది, చూశాను. రవాణాలో రెండో అద్దం కాస్త పక్కకు తిరిగింది, మూడు చిన్న స్క్రూలతో సరిచేశాను. ఒక ప్రకాశవంతమైన చుక్కను ఫోకస్ దాటించి చూస్తే వలయాలన్నీ ఒకే కేంద్రం చుట్టూ ఉన్నాయి.

10 కొనకపోవడంతో మిగిలిన డబ్బు ఐపీస్‌లకు పోయింది. 32 మి.మీ. ప్లోసెల్ రకం ఒకటి, 37 రెట్లు, వెతుక్కోవడానికి. 6 మి.మీ. ఒకటి, 200 రెట్లు. మధ్యలో పెట్టెతో వచ్చిన 10 మి.మీ. ప్రస్తుతానికి చాలు. 130ని అమ్మడం లేదు, అది ఊరి ప్రయాణాలకు.

మే నెలలో ఎం13 అనే మరో గుళికా గుచ్ఛం మీద ఇవే మాస్కులు మళ్లీ వేసి చూడాలి, ఈసారి మా అమ్మాయి ఐపీస్ దగ్గర, నేను మాస్కుల దగ్గర. జూన్లో మబ్బులు పట్టేలోపు ట్యూబు రెండు వైపులకూ బిగుతైన మూతలు, లోపల సిలికా జెల్ సంచులు సిద్ధం చేసుకోవాలి. వానాకాలంలో తేమ పట్టిన ట్యూబును మూసిపెడితే అద్దం మీద బూజు వస్తుంది.